"తొలి" అనే విశేషణం: వార్తలలో వ్యక్తి, వర్గం

వార్తాపత్రికలు చదివే అలవాటున్న విద్యార్థులకు "తొలి", "ప్రథమ", "మొట్టమొదటి" అనే విశేషణాలు కొత్తవి కావు. ఒకరు ఉన్నత పదవిని అధిష్ఠించినపుడు, ఆ పదవి అంతవరకు దక్కని వర్గం నుండి వారు వచ్చినట్లయితే, మరునాటి శీర్షికలో పేరుకంటే ముందు కులమో, మతమో, జాతియో కనిపిస్తుంది. తొలి దళిత ముఖ్యమంత్రి, తొలి ముస్లిం రాష్ట్రపతి, తొలి నల్లజాతి అధ్యక్షుడు అనే మాటలు మనకు ఎంతగా అలవాటయ్యాయంటే, పోటీపరీక్షల పుస్తకాలలో అవి ప్రశ్నలుగా కూడ స్థిరపడ్డాయి. విద్యార్థి పేరు గుర్తుంచుకుంటాడు, మార్కు సంపాదిస్తాడు. ఆ మహనీయుడు ఏమి చేశాడని అడిగితే మాత్రం తరచుగా మౌనమే సమాధానమవుతుంది.

ఇది పత్రికలవారి వ్యవహారమని, విద్యార్థులకు దీనితో పని లేదని ఎవరైనా భావిస్తే అది సరికాదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పల్లెల నుండి చదువుకొనడానికి వచ్చే యువతీయువకులలో ఎందరో తమ కుటుంబంలో కళాశాల మెట్లు ఎక్కిన మొదటివారు. రేపు వారిలో ఒకరు న్యాయమూర్తి కావచ్చు, కలెక్టరు కావచ్చు, శాసనసభ్యులు కావచ్చు. ఆనాడు వారి పేరుకు ముందు పత్రికలు ఏ మాట తగిలిస్తాయో, ఆ మాట వలన కలిగే లాభనష్టాలేమిటో ఇప్పుడే ఆలోచించుకొనడం మంచిదని మా అభిప్రాయం.

ముందుగా "తొలి" అనే మాటకు గల రెండు అర్థాలను వేరుచేసి చూడాలి. 1953లో టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. 1961లో యూరీ గగారిన్ అంతరిక్షంలోనికి వెళ్లాడు. అంతకుముందు ఆ పనులు చేసినట్లు ఎవరికీ నమోదు లేదు. కాబట్టి అక్కడ "తొలి" అనే మాట ఆ వ్యక్తుల సాహసాన్ని చెబుతుంది. కాని ఒక దళితుడు తొలిసారి ముఖ్యమంత్రి అయ్యాడన్నపుడు సంగతి వేరు. ముఖ్యమంత్రి పదవి అంతకుముందే ఉన్నది. దానిలో ఎందరో కూర్చున్నారు. ఆ వర్గంలో సమర్థులు అంతవరకు పుట్టలేదని కూడ కాదు. తలుపు తెరవలేదు, అంతే. అందువలన ఈ రెండవ రకపు "తొలి" వ్యక్తి ప్రతిభను గూర్చి చెప్పేది స్వల్పం. అంతకాలం తలుపు మూసి ఉంచిన సమాజాన్ని గూర్చి చెప్పేదే అధికం. మన పత్రికలు తరచుగా ఈ రెండింటినీ కలిపివేస్తాయి. సమాజం సమాధానం చెప్పవలసిన ఒక లోపాన్ని, వ్యక్తి మెడలో వేసే పూలదండగా మార్చివేస్తాయి.

మన రాష్ట్ర చరిత్రలోనే దీనికి స్పష్టమైన ఉదాహరణ దామోదరం సంజీవయ్య గారు. వీరు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో నిరుపేద దళిత కుటుంబంలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. 1952లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి వీరి వయస్సు నలభై ఏండ్లు కూడ నిండలేదు. భారతదేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. ఆనాటి పత్రికలు "హరిజన" అనే మాట వాడేవి. "దళిత" అనే మాట ఆ తరువాత వ్యాప్తిలోనికి వచ్చింది. మాట మారింది గాని, పేరుకు ముందు ఆ మాట ఉండే స్థానం మారలేదు.

సంజీవయ్య గారు ఆ పదవిలో రెండు సంవత్సరాల రెండు నెలలు మాత్రమే ఉన్నారు. రాష్ట్రంలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది వీరి పాలనాకాలంలోనే, 1961 జనవరిలో. వ్యవసాయ భూములపై గరిష్ఠ పరిమితి విధించే చట్టం రాష్ట్రంలో 1961లో వచ్చింది. వృద్ధాప్య పింఛన్లు, భూమిలేని పేదలకు బంజరుభూముల పంపిణీ వీరి పేరుతో ముడిపడి ఉన్నాయి. 1962లో వీరు అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ స్థానానికి చేరిన దళితులలో కూడ వీరే ప్రథములు. అనంతరం కేంద్ర కార్మికశాఖ మంత్రిగా పనిచేశారు. కార్మికులకు బోనసు చెల్లించడాన్ని యాజమాన్యాల దయాధర్మం నుండి తప్పించి హక్కుగా నిలిపిన బోనసు చెల్లింపు చట్టం 1965లో వీరు ఆ శాఖ నిర్వహిస్తున్నపుడే వచ్చింది. 1972 మే నెలలో వీరు కీర్తిశేషులయ్యారు.

ఇప్పుడు మన విద్యార్థులను ప్రశ్నిద్దాం. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఎవరంటే అనేకులు వెంటనే చెప్పగలరు. బోనసు చట్టం కాలంలో కార్మికమంత్రి ఎవరంటే చెప్పగలవారు ఎందరు? దసరాకో దీపావళికో బోనసు అందుకునే కార్మికునికి ఆ చట్టంతో సంజీవయ్య గారికి గల సంబంధం తెలియదు. కులం పేరు జ్ఞాపకంలో నిలిచిపోయి, పని మరుగున పడడమంటే ఇదే.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. "తొలి" అన్నామంటే, సహజంగా దాని వెంట "రెండవ", "మూడవ" రావాలి. 1962 మార్చిలో సంజీవయ్య గారు పదవి విడిచిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో గాని, 2014లో ఏర్పడిన తెలంగాణలో గాని, మరొక దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. ముస్లిం ఎవరూ కాలేదు. ఆదివాసి కాలేదు. మహిళ కూడ కాలేదు. అంటే 1960లో పత్రికలు ప్రకటించిన చరిత్ర ఆరు దశాబ్దాలకు పైగా ఒంటరిగానే నిలిచి ఉన్నది. తెరచిన తలుపు ఆయన వెనుకనే మూసుకున్నదన్నమాట. అయినప్పటికీ మనం ప్రతి జయంతికి "తొలి" అని సంతోషంగా చెప్పుకుంటూనే ఉన్నాము. రెండవవారు ఎక్కడ అని అడగని పత్రిక, మొదటివారిని గూర్చి పూర్తిగా వ్రాసినట్లు కాదని మేము భావిస్తాము.

రాష్ట్రం నుండి దేశానికి వద్దాం. ఒకే విధమైన జీవితాలు గల ఇద్దరికి పత్రికలు రెండు విధాలైన పేర్లు పెట్టిన సందర్భం రాష్ట్రపతుల చరిత్రలో ఉన్నది. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తెలుగు కుటుంబంలో జన్మించిన తత్త్వవేత్త. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, ఆపైన కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి అయ్యారు. డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించిన విద్యావేత్త. జామియా మిల్లియా ఇస్లామియాకు, ఆపైన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. 1962లో ఉపరాష్ట్రపతి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. ఇద్దరూ అధ్యాపకులు, ఇద్దరూ ఉపకులపతులు, ఇద్దరూ ఉపరాష్ట్రపతి పదవి నుండే పై మెట్టు ఎక్కినవారు, ఇద్దరూ భారతరత్నలు. అయితే మొదటివారు లోకానికి "తత్త్వవేత్త రాష్ట్రపతి"గా పరిచయమయ్యారు; రెండవవారు "ముస్లిం రాష్ట్రపతి"గా పరిచయమయ్యారు. ఒకరికి వారి విద్య విశేషణమైనది. మరొకరికి వారి పుట్టుక విశేషణమైనది.

1967 రాష్ట్రపతి ఎన్నికను కొంచెం లోతుగా చూచినట్లయితే ఈ తేడావలన కలిగిన నష్టం తెలుస్తుంది. జాకిర్ హుస్సేన్ గారికి ప్రత్యర్థిగా ప్రతిపక్షాల పక్షాన నిలిచినవారు కోకా సుబ్బారావు గారు. వీరు రాజమండ్రిలో జన్మించిన తెలుగువారు, సుప్రసిద్ధ న్యాయకోవిదులు. పోటీ చేయడానికి భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశారు. అంతకు కొద్ది వారాల ముందు, 1967 ఫిబ్రవరిలో, గోలక్‌నాథ్ కేసులో వీరి నాయకత్వాన సుప్రీంకోర్టు ఒక చారిత్రకమైన తీర్పు ఇచ్చింది. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని దాని సారాంశం. ఒకవైపు విద్య ద్వారా దేశాన్ని నిర్మించాలని జీవితాన్ని ధారపోసిన ఆచార్యుడు, మరొకవైపు పౌరుని హక్కులకు కాపలా కాసిన న్యాయమూర్తి. రాష్ట్రపతి పదవి ఎటువంటిది, ఆ స్థానంలో ఎటువంటి అనుభవం కావాలి అని దేశమంతా చర్చించుకొనడానికి ఇంతకంటె మంచి సందర్భం ఉండదు. కాని ఒక ముస్లిం గెలుస్తాడా, ఓడిపోతాడా అనే ప్రశ్న ఆ చర్చలో ముందుకు వచ్చింది. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ లభించాయి. ఆ విజయం దేశపు లౌకికతత్త్వానికి నిదర్శనమన్నారు. అది నిజమే. అయితే ఆ మాట వలన ఇద్దరికీ అన్యాయం జరిగింది. జాకిర్ హుస్సేన్ గారి నలభై ఏండ్ల సేవ వెనుకకు పోయింది. సుబ్బారావు గారు నిలిచిన సూత్రం కూడ వెనుకకు పోయింది.

ఆ సేవ ఎటువంటిదో మన విద్యార్థులు తెలుసుకోవాలి. 1920లో అలీగఢ్‌లో జామియా స్థాపితమైనపుడు జాకిర్ హుస్సేన్ గారు ఇరవై మూడేండ్ల యువకులు. ప్రభుత్వ సహాయాన్ని వదలుకొని స్వతంత్రంగా చదువు నేర్పాలని బయటికి వచ్చినవారిలో వారొకరు. తరువాత జర్మనీ వెళ్లి బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1926లో తిరిగివచ్చి, మూతపడే స్థితిలో ఉన్న ఆ సంస్థ బాధ్యతను ఇరవై తొమ్మిదేండ్ల వయస్సులో స్వీకరించారు. సహాధ్యాపకులతో పాటు అతి స్వల్ప వేతనంతో 1948 వరకు దానిని నిలబెట్టారు. ప్లేటో రచించిన "రిపబ్లిక్" గ్రంథాన్ని ఉర్దూలోనికి అనువదించారు. పిల్లల కోసం కథలు వ్రాశారు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రేరణతో రూపొందిన మౌలిక విద్యాప్రణాళికకు, ఉర్దూలో బునియాదీ తాలీం అని పిలిచే దానికి, ఏర్పాటైన సంఘానికి అధ్యక్షులు వీరే. మాతృభాషలో బోధించాలని, ఒక చేతిపనిని కేంద్రంగా పెట్టుకొని మిగిలిన విషయాలను దాని ద్వారా నేర్పాలని ఆ ప్రణాళిక చెప్పింది.

ఈ చివరి సంగతి మన ప్రాంతానికి ఎంత దగ్గరిదో గమనించండి. ఉదయగిరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కే పని తరతరాలుగా సాగుతున్నది. దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించింది. ఏ చెట్టు కొయ్య దేనికి పనికివస్తుందో, ఎంత ఆరితే పగుళ్లు రాకుండా ఉంటుందో తెలిసిన చేతులు అవి. చేతిపనిలో లెక్కలున్నాయి, వృక్షశాస్త్రమున్నది, సౌందర్యదృష్టి ఉన్నది అన్నదే జాకిర్ హుస్సేన్ గారి విద్యాసిద్ధాంతం. ఉదయగిరి విద్యార్థికి వారు "ముస్లిం రాష్ట్రపతి"గా మాత్రమే తెలిస్తే, తన ఇంటి పనికి గౌరవం కల్పించిన గురువు వారేనని ఎన్నటికీ తెలియదు. ఆ కొయ్యపనివారి మీద వచ్చే కథనాలు కూడ కొన్ని సందర్భాలలో ముస్లిం మహిళలు అన్న మాటతో మొదలై, వారి నేర్పును ఒక్క వాక్యంతో సరిపెట్టడం మనం చూస్తున్నదే.

ఈ విశేషణానికి మరొక రూపం ఉన్నది. అది పొగడ్తగా వస్తుంది కాబట్టి గుర్తించడం కష్టం. డాక్టర్ అబ్దుల్ కలాం గారి విషయం చూడండి. శ్రీహరికోట అప్పట్లో మన నెల్లూరు జిల్లాలోనిదే. 2022లో ఏర్పడిన కొత్త జిల్లాల పంపకంలో అది తిరుపతి జిల్లాలోనికి వెళ్లింది. అక్కడినుండి 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి-3 వాహనం విఫలమై సముద్రంలో పడిపోయింది. దాని పథకసంచాలకులు కలాం గారు. లోపాన్ని కనుగొని సరిదిద్ది, 1980 జూలై 18న అదే రకపు వాహనంతో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టారు. ఒక సంవత్సరంలోపు అపజయాన్ని విజయంగా మార్చిన ఆ పని విద్యార్థులకు గొప్ప పాఠం. 2002లో వారు రాష్ట్రపతి అయినపుడు పత్రికలు వారి శాస్త్రసేవను వ్రాయకపోలేదు. కాని దానితో పాటు వారు వీణ వాయిస్తారని, భగవద్గీత చదువుతారని, శాకాహారులని ప్రత్యేకంగా పదే పదే వ్రాశాయి. అవి అన్నీ సత్యాలే, వారి వ్యక్తిత్వానికి శోభ కలిగించేవే. అయితే వాటిని వ్రాసిన తీరులో ఒక్కొక్కప్పుడు ఒక ధ్వని వినిపించేది: ఈయన తక్కినవారివంటివారు కారు అని. ఒకరిని మెచ్చుకుంటూ వారి సమాజాన్నంతటినీ సంజాయిషీ ఇచ్చుకొనవలసిన స్థితిలో నిలబెట్టే ప్రశంస అది. నమాజు చేసుకొనే సామాన్య ముస్లిం యువకుడు, ఏ వాద్యం వాయించనివాడు, ఈ దేశానికి తక్కువవాడా అనే ప్రశ్న అతని మనస్సులో మిగిలిపోతుంది.

ఇటువంటి ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పిన సందర్భం అమెరికాలో జరిగింది. 2008 నవంబరు 4న బరాక్ ఒబామా ఆ దేశానికి అధ్యక్షుడిగా ఎన్నికైనపుడు, జాతి అడ్డుగోడ కూలిందన్న భావంతో న్యూయార్క్ టైమ్స్ పత్రిక శీర్షిక పెట్టింది. బానిసత్వాన్ని, ప్రత్యేక పాఠశాలలను, ఓటుహక్కు నిరాకరణను చూచిన దేశంలో ఆ శీర్షిక సమంజసమే. కాని ఎన్నికల ప్రచారకాలంలో ఆయన రహస్యంగా ముస్లిం అనే వదంతి వ్యాపించింది. ఆయన క్రైస్తవుడని ఖండించడంతో అనేకులు సరిపెట్టుకున్నారు. కోలిన్ పవెల్ మాత్రం అంతటితో ఆగలేదు. ఆయన 2001లో ఆ దేశపు తొలి నల్లజాతి విదేశాంగ మంత్రి అయినవాడు. 2008 అక్టోబరులో ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఆయన, ఒబామా ముస్లిం కాడన్నది సరియైన జవాబే గాని, ఒకవేళ ముస్లిం అయితే మాత్రం తప్పేమిటన్నదే అసలైన జవాబు అనే భావాన్ని వెల్లడించాడు. ఆ దేశంలో పుట్టి పెరిగే ఏడేండ్ల ముస్లిం బాలుడు తానూ అధ్యక్షుడు కావాలని కలగనడంలో దోషమేమిటని ప్రశ్నించాడు. ఒక విశేషణపు భారాన్ని స్వయంగా మోసినవాడు, మరొకరి మీద పడుతున్న భారాన్ని గుర్తించాడు.

పత్రికలు పెట్టే పేరు, పెట్టేవారు నిలబడిన చోటును బట్టి మారుతుందనడానికి ఇటీవలి నిదర్శనాలు రెండు ఉన్నాయి. హైదరాబాదులో జన్మించి బాల్యంలోనే అమెరికా వెళ్లిన గజాలా హష్మీ 2025 నవంబరు 4న వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. అమెరికాలో ఒక రాష్ట్రమంతటా ఓటర్లు ఎన్నుకొనే పదవికి గెలిచిన తొలి ముస్లిం మహిళ అని అక్కడి పత్రికలు వ్రాశాయి. మన పత్రికలు హైదరాబాదు ఆడపడుచు అని వ్రాశాయి. ఆమె ఎన్నో ఏండ్లు కళాశాలలలో సాహిత్యం బోధించిన అధ్యాపకురాలని శీర్షికలో చదివినవారు తక్కువ. అట్లే హైదరాబాదులోనే జన్మించిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేశారు. అక్కడివారికి ఆమె దక్షిణాసియా సంతతి వలసవనిత. మనకు తెలుగు మహిళ. రోడ్లు, రవాణా రంగంలో ఇంజనీరుగా ఆమె గడించిన అనుభవం రెండుచోట్లా వెనుక వరుసలోనే నిలిచింది.

కొందరి విషయంలో పుట్టుక శీర్షికలోనికి రాదనే సంగతిని కూడ గమనించాలి. ఉదయగిరి నియోజకవర్గం 1978లోను, 1983లోను శాసనసభకు పంపిన ముప్పవరపు వెంకయ్యనాయుడు గారు 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆయన్ను పత్రికలు నెల్లూరు జిల్లావాసిగా, రైతు కుటుంబం నుండి వచ్చిన వక్తగా, విద్యార్థి నాయకునిగా పరిచయం చేశాయి. ఆయన కులాన్ని ఆయన పేరుకు ముందు ఎవరూ విశేషణంగా తగిలించలేదు. అట్లా తగిలించకపోవడం సరియైన పద్ధతే. మేము కోరేది ఆ మర్యాద అందరికీ దక్కాలని మాత్రమే. పదవులకు అలవాటుపడిన వర్గంవారు వస్తే మనిషి వచ్చాడంటారు. ఇతరులు వస్తే వర్గం వచ్చిందంటారు.

అయితే ఈ విశేషణాన్ని పూర్తిగా తొలగించాలా? తొలగించరాదని మా నిశ్చితాభిప్రాయం. సంజీవయ్య గారి కులాన్ని దాచిపెడితే, వారు దాటి వచ్చిన అంటరానితనాన్ని కూడ దాచిపెట్టినట్లవుతుంది. పెద్దపాడు నుండి ముఖ్యమంత్రి ఆసనం వరకు గల దూరం మైళ్లలో కొలిచేది కాదు. ఆ దూరం తెలియకపోతే ఆ విజయపు విలువ తెలియదు. పైగా ఒక పల్లెలోని పేద విద్యార్థికి తనవంటివారు అక్కడికి చేరారని తెలియడం గొప్ప ధైర్యం. 1998లో జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరు అయినపుడు, ఆ స్థానంలో కూర్చున్న తొలి దళితుడని వ్రాయడం వలన కోనసీమలో ఎందరు పిల్లలు తలయెత్తుకున్నారో ఊహించవచ్చు. కాని 1999 ఏప్రిల్ 17న ఒకే ఒక్క ఓటు తేడాతో కేంద్రప్రభుత్వం పడిపోయిన ఆ దినాన, 269, 270 అంకెల మధ్య సభను నిర్వహించినవారు కూడ వారే. ఈ రెండవ సంగతి లేకుండా మొదటిదానిని చెబితే, వారిని పదవిలో కూర్చుండబెట్టిన కథ మాత్రమే చెప్పినట్లు. పదవిలో వారు నిలబడిన కథ చెప్పనట్లు.

కుల, మత ప్రస్తావనల విషయంలో సంయమనం పాటించాలని భారత పత్రికామండలి రూపొందించిన నియమాలు కూడ చెబుతున్నాయి. ఈ సంయమనం విజయాల వార్తలకే కాక నేరాల వార్తలకు కూడ వర్తించాలి. ఒకడు దొంగతనం చేస్తే అతని మతం శీర్షికకెక్కడం, ఒకడు పదవి పొందితే అతని మతం శీర్షికకెక్కడం, ఈ రెండూ ఒకే అలవాటు నుండి పుట్టినవే. వ్యక్తి చేసిన దానిని వర్గానికి అంటగట్టే అలవాటు అది. పొగడ్త రూపంలో దానిని ఆమోదించినవారికి, నింద రూపంలో వచ్చినపుడు కాదనే నైతికబలం తగ్గిపోతుంది.

ఇందులో మన వంతు దోషం కూడ లేకపోలేదు. మన ఉర్దూ అఖ్బారులలో, మన సభలలో, ఒక ముస్లిం పదవి పొందగానే "పహ్లే ముసల్మాన్" అని మురిసిపోతాము. ఆ మరునాటి నుండి ఆయన సమాజానికంతటికీ ప్రతినిధి కావాలని ఆశిస్తాము. ఆయన రాష్ట్రానికో దేశానికో చేయవలసిన పని ఉన్నదన్న సంగతి మరచి, మనకేమి చేశాడని లెక్కకడతాము. గ్రామస్థాయిలో కూడ ఇదే జరుగుతున్నది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోనికి వచ్చిన తరువాత దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల స్త్రీపురుషులు ఎందరో సర్పంచులైనారు. అనేక గ్రామాలలో వారిని పేరుతో పిలువక "రిజర్వేషన్ సర్పంచి" అనే అంటారు. ఆమె వేయించిన మంచినీటి గొట్టం, బాగుచేయించిన బడి కప్పు కళ్లెదుట ఉన్నప్పటికీ, ఆమెను గూర్చి చెప్పుకొనేది ఆమె ఎట్లా వచ్చిందనే. ఢిల్లీ పత్రికలను విమర్శించే ముందు మన రచ్చబండ మీది మాటలను సరిచేసుకొనాలి.

కాబట్టి విద్యార్థి మిత్రులకు మేము చెప్పదలచినది ఇది. "తొలి" అనే వార్త చదివినపుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇంతకాలం ఈ తలుపు ఎందుకు మూసి ఉన్నది? లోపలికి వెళ్లిన మనిషి అంతకుముందు ఏమి చేశాడు, ఆ తరువాత ఏమి చేశాడు? ఆయన వెనుక రెండవవారు వచ్చారా? ఈ మూడింటికి సమాధానం ఉన్న వార్త పూర్తి వార్త. లేనియెడల గ్రంథాలయానికి వెళ్లి ఆ లోటు మనమే పూరించుకొనాలి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక మనవి. మన సభామందిరాలలో, గోడపత్రికలలో మహనీయుల చిత్రపటాలు ఉంచేటపుడు వారి పేరు క్రింద "తొలి" అనే మాటతో పాటు వారు చేసిన ఒక్క పనినైనా, సంవత్సరంతో సహా, తెలుగులోను ఉర్దూలోను వ్రాయించండి. జాకిర్ హుస్సేన్ గారి పటం క్రింద 1937 వార్ధా విద్యాప్రణాళిక అని, సంజీవయ్య గారి పటం క్రింద 1965 బోనసు చట్టం అని, కలాం గారి పటం క్రింద 1980 రోహిణి అని ఉన్నట్లయితే, ఆ దారిన నడిచే విద్యార్థి ఆగి చదువుతాడు. ఖర్చు స్వల్పం. వచ్చే విద్యాసంవత్సరం ప్రారంభంలోపున ఈ పనికి విద్యార్థులే విషయసేకరణ చేయడానికి పూనుకుంటే, అధ్యాపకులమైన మేము తోడ్పడడానికి సిద్ధంగా ఉన్నాము.